రహస్య ముద్రకు గడువు తేదీ ఉండాలి

సంపాదకులకు,

ప్రభుత్వ కంప్యూటర్లపై సైబర్ దాడి జరిగిన ప్రతిసారీ వినిపించే మాట ఒకటే: "భద్రతా కారణాల వల్ల వివరాలు చెప్పలేం." కంప్యూటర్ భద్రతను తనిఖీ చేసే ఉద్యోగిగా ఆ మాటను నేను కొట్టిపారేయను. ఇంకా పూడ్చని లోపాన్ని పేపర్లో వేస్తే దొంగకు తాళంచెవి ఇచ్చినట్టే. నేను రాసే రిపోర్టుల మీదా 'రహస్యం' అన్న ముద్ర ఉంటుంది, ఉండాలి కూడా. అయితే ఆ ముద్ర ఎప్పుడు తొలగుతుందో ఎక్కడా రాసి ఉండదు. నా అభ్యంతరమంతా దాని మీదే.

ఐర్లాండ్ ప్రభుత్వ ఆరోగ్య సంస్థ హెచ్‌ఎస్‌ఈ సంగతి చూడండి. 2021 మార్చిలో ఒక ఉద్యోగి ఈమెయిల్‌లో వచ్చిన ఎక్సెల్ ఫైలు తెరిచారు. చొరబడినవాళ్లు ఎనిమిది వారాలు లోపలే తిరిగి, మే 14న రాన్సమ్‌వేర్‌తో (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే ప్రోగ్రాంతో) దేశమంతటా ఆసుపత్రుల కంప్యూటర్లను స్తంభింపజేశారు. అదే ఏడాది డిసెంబరులో స్వతంత్ర విచారణ నివేదికను ఆ సంస్థే బయటపెట్టింది. మొదట దెబ్బతిన్న కంప్యూటర్‌లోని యాంటీవైరస్ ఆ దుండగుల సాధనాలను పసిగట్టిందట. గమనించడానికే తప్ప ఆపడానికి వీల్లేకుండా దాన్ని అమర్చడంతో అడ్డుకోలేకపోయింది. సైబర్ భద్రతకు పైస్థాయిలో బాధ్యుడంటూ ఒక్క అధికారీ లేడని కూడా దాచకుండా రాశారు. అది చదివినప్పటి నుంచి ఏ తనిఖీకి వెళ్లినా ముందు యాంటీవైరస్ అమరికే చూస్తున్నాను. నివేదిక బీరువాలోనే ఉండిపోతే ఆ సంగతి నాదాకా వచ్చేదే కాదు.

అమెరికా ఆడిట్ సంస్థ జీఏఓ సున్నితమైన నివేదికలను చట్టసభకు విడిగా ఇచ్చి, ఆ వివరాలు తీసేసిన ప్రతిని ప్రజలకు విడుదల చేస్తుంటుంది. అదే దేశంలో సైబర్ భద్రతా సమీక్షా మండలి సభ్యులను 2025 జనవరిలో తొలగించారు. టెలికాం సంస్థలపై జరిగిన సాల్ట్ టైఫూన్ దాడిని ఆ మండలి అప్పుడు విచారిస్తోంది. ఇది నాకు నిజంగా బాధ కలిగించింది.

ముద్ర వేసిన రోజే దాని గడువు తేదీ కూడా రాయాలి. లోపం సరిచేశాక నివేదిక బయటికి రావాలి. గడువు పొడిగించాలంటే దాడికి గురైన శాఖ సంతకం చాలదు. చట్టసభ సంఘమో న్యాయమూర్తో కారణం చూసి ఒప్పుకోవాలి. నెట్‌వర్క్ పటాలు, సమాచారమిచ్చినవారి పేర్లు ఎప్పటికీ కొట్టేసే ఉంచండి, ఎవరూ అడగరు. కానీ ఎవరి వివరాలు దొంగల పాలయ్యాయో వారికి మాత్రం ఏ గడువూ లేకుండా వెంటనే చెప్పాలి. పాస్‌వర్డ్ మార్చుకోవాల్సిందీ, బ్యాంకు ఖాతాపై కన్నేసి ఉంచాల్సిందీ వాళ్లే.

— ఒక కంప్యూటర్ భద్రతా ఆడిటర్