ఈ సీజన్ నుంచి మా బోటు బారెన్ ఐలాండ్‌కు వెళ్లదు

మా బోటు ఎక్కి అండమాన్ సముద్రంలో గాలం వేసిన వారికీ, ఈ నవంబరు నుంచి ఏప్రిల్ మధ్య తేదీల కోసం అడుగుతున్న వారికీ నమస్కారం. కొన్ని వారాలుగా ఫోనులో ఒక్కొక్కరికీ విడివిడిగా చెబుతున్న సంగతిని అందరికీ ఒకేసారి రాసి తెలియజేయడం మంచిదనిపించింది. 2024 సెప్టెంబరు నుంచి శ్రీ విజయపురం అని పేరు మారినా మనమందరం ఇంకా పోర్ట్ బ్లెయిర్ అనే పిలుస్తున్న ఊరి నుంచి తెల్లవారకముందే బయలుదేరి, బారెన్ ఐలాండ్ చుట్టూ చేపలు పట్టి, అదే రోజు తిరిగి వచ్చే ట్రిప్పును మేము శాశ్వతంగా ఆపేశాం. మాకు వచ్చే బుకింగుల్లో దాదాపు సగం ఆ ట్రిప్పు కోసమే వస్తాయి కనుక ఇది తేలికగా తీసుకున్న నిర్ణయం కాదు.

బారెన్ మీద మీకున్న మోజు నాకు తెలియనిది కాదు. పోర్ట్ బ్లెయిర్‌కు ఈశాన్యంగా సుమారు 138 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ దీవిలోనే మన దేశపు ఏకైక క్రియాశీల అగ్నిపర్వతం ఉంది. ఒకటిన్నర శతాబ్దానికి పైగా నిద్రపోయి 1991లో మళ్లీ లేచిన ఆ కొండ ఇప్పటికీ అప్పుడప్పుడు పొగ వదులుతూనే ఉంటుంది. దీవి మీద కాలు పెట్టడానికి అనుమతి లేదు, సముద్రం మీది నుంచి చూడటమే. అయితే గాలం వేసేవాడికి అక్కడి ఆకర్షణ నీటి పైన కనిపించే కొండ కంటే నీటి అడుగున ఉంది. రెండు వేల మీటర్లకు పైగా లోతు నుంచి నిటారుగా లేచిన పర్వతపు కొస అది. అందువల్ల ఒడ్డుకు రాయి విసిరేంత దూరంలోనే అడుగు అందని లోతు మొదలవుతుంది, నడిసముద్రంలో తిరిగే ఎల్లోఫిన్ సూర (ట్యూనా), డాగ్‌టూత్ సూర కొండ గోడ పక్కనే దొరుకుతాయి. 2025 సెప్టెంబరులో అగ్నిపర్వతం మళ్లీ కదిలిందన్న వార్త రాగానే మా ఫోను ఆగకుండా మోగింది. వెనుక నల్లటి కొండ, ముందు చేతుల్లో సూర చేప ఉన్న ఫోటోను మా ప్రకటనల్లో నాలుగేళ్లు వాడుకున్నది కూడా నేనే. ఇప్పుడు దాన్ని తీసివేశాను.

నిర్ణయానికి కారణం గత మార్చిలో జరిగిన ఒక సంఘటన. హైదరాబాదు నుంచి వచ్చిన నలుగురితో బారెన్ నుంచి తిరిగి వస్తుండగా సాయంత్రం నాలుగు గంటల ప్రాంతంలో ఎడమ ఇంజను దగ్గి ఆగిపోయింది. మరో పది నిమిషాలకు కుడి ఇంజను కూడా తడబడింది. ఇంధనంలో నీళ్లు కలిశాయని ఫిల్టరు గిన్నె విప్పగానే తెలిసింది. ట్యాంకులో పట్టే పెట్రోలు ఆ దూరానికి చాలదు కనుక డెక్కు మీద డ్రమ్ముల్లో అదనంగా తీసుకువెళ్లి, మధ్యలో గొట్టంతో ట్యాంకులోకి పోసుకోవడం మాకు అలవాటు. నీరు పెట్రోలు కంటే బరువైనది కనుక డ్రమ్ము అడుగున చేరుతుంది. చివరి చుక్క వరకు లాగిన గొట్టం ఆ నీటిని కూడా ట్యాంకులోకి లాగింది. బోటులో అదనపు ఫిల్టరు ఒక్కటే ఉంది, దాన్ని కుడి ఇంజనుకు బిగించాం. ఒక్క ఇంజనుతో మా బోటు నీటి మీదికి లేచి పరుగెత్తదు, నీటిని తోసుకుంటూ ఏడు నాట్ల వేగంతో, అంటే గంటకు సుమారు 13 కిలోమీటర్లతో నడుస్తుంది. ఇంటికి ఇంకా 40 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 74 కిలోమీటర్లు ఉంది.

ఆపదలో పిలవడానికి వాడే వీహెచ్ఎఫ్ రేడియో 16వ ఛానెల్‌లో పిలిస్తే తీరం నుంచి జవాబు రాలేదు. చిన్న బోటు యాంటెనా అంత దూరం అందదని నాకు ముందే తెలుసు. దారిన పోతున్న ఒక సరుకు ఓడ మా మాట విని కోస్ట్ గార్డుకు అందించింది. ఆ రాత్రి పది గంటలకు జెట్టీ చేరాం. అతిథుల్లో ఒకరు ఆరు గంటలపాటు వాంతులతో పడుకునే ఉన్నారు. సముద్రం ఆ రోజు నిలకడగా ఉంది కనుక ఇంతటితో పోయింది, ఈశాన్యపు గాలి లేచిన రోజయితే నేను ఈ ఉత్తరం వేరే విధంగా రాయవలసి వచ్చేదేమో. వారికి పూర్తి సొమ్ము మరుసటి రోజే తిరిగి ఇచ్చాను. బోటు నడిపే మా సరంగు తప్పేమీ లేదు, ఒక్క ఫిల్టరుతో, డ్రమ్ముల మీద ఆధారపడి అంత దూరం వెళ్లమన్నది నేను.

లెక్క చెబితే విషయం మీకే అర్థమవుతుంది. మా రెండు ఇంజన్లు ఇరవై నాట్ల వేగంతో పోతున్నప్పుడు గంటకు సుమారు 60 లీటర్లు తాగుతాయి. బారెన్ 75 నాటికల్ మైళ్లు, అంటే పోవడానికి 225 లీటర్లు, రావడానికి 225, అక్కడ తిరగడానికి మరో వంద, వెరసి 550. మేము మోయగలిగినది డ్రమ్ములతో కలిపి 600. సముద్రం మీద పెద్దలు పాటించే సూత్రం ఒకటుంది: మూడో వంతు పోవడానికి, మూడో వంతు రావడానికి, మిగిలిన మూడో వంతు ఎప్పటికీ ముట్టుకోకుండా ఉంచడానికి. ఆ లెక్కన మాకు 600లో 200 లీటర్లు నిలువ ఉండాలి, బారెన్ ట్రిప్పులో మిగిలేది 50. నాలుగేళ్లు ఆ యాభై లీటర్ల మీదే వ్యాపారం చేశాను. పెద్ద బోటు, పెద్ద ట్యాంకులు, రాత్రి అక్కడే ఉండే ఏర్పాటు ఉన్నవారికి బారెన్ సరైన చోటే, మాకు కాదు.

ఇకపై మేము పోయే అత్యంత దూరపు చోటు ఇన్‌విజిబుల్ బ్యాంక్. పోర్ట్ బ్లెయిర్‌కు ఆగ్నేయంగా దాదాపు 90 కిలోమీటర్ల దూరంలో నీటి అడుగున దాగిన పెద్ద మెట్ట అది. ఫ్లాట్ రాక్ అనే ఒక్క రాయి మాత్రమే పైకి తేలి కనిపిస్తుంది. పోను రాను 300 లీటర్లు, అక్కడ వంద, నిలువ 200. లెక్క సరిపోతుంది. అక్కడికి కూడా గాలి తగ్గే ఫిబ్రవరి నెలాఖరు నుంచి ఏప్రిల్ మధ్య వరకే తీసుకువెళ్తాం. డిసెంబరులో ఎంత బతిమాలినా తీసుకువెళ్లం.

నిజానికి చాలామంది అంత దూరం వచ్చేది జెయింట్ ట్రెవల్లీ కోసం, దానికి అంత దూరం పోనవసరమే లేదు. మా తాతగారు శ్రీకాకుళం తీరం నుంచి ఇక్కడికి వచ్చినప్పుడు ఆ జాతిని ‘పార’ అనే పిలిచేవారు, మా ఇంట్లో ఇప్పటికీ అదే పేరు. పెద్ద పార లోతులో కాక పగడపు దిబ్బ అంచున, అల విరిగి తెల్లగా నురుగు కట్టే చోట కాపు కాస్తుంది. నీటి పోత బలంగా ఉన్నప్పుడు చిన్న చేపలు నిలదొక్కుకోలేక అంచు దాటి కొట్టుకొస్తాయి. పార వాటి కోసం పోతకు ఎదురు నిలిచి ఎదురుచూస్తుంది. అందుకే మేము తేదీలను పంచాంగం చూసి ఇస్తాం. అమావాస్యకు, పున్నమికి అటూ ఇటూ రెండు మూడు రోజులు పోటు పాట్ల తేడా ఎక్కువగా ఉంటుంది, నీరు గట్టిగా పారుతుంది. అష్టమి దగ్గర నీరు బద్ధకంగా ఉంటుంది. శుక్ర శని ఆదివారాలు కలిసొచ్చాయి కదా అని అష్టమి నాడు బుక్ చేసుకుంటానంటే కాదనను, కానీ ముందే చెబుతాను.

ఇక్కడి గడియారం కూడా మీకు కొత్తగా ఉంటుంది. దేశమంతటికీ ఒకటే సమయం, కానీ సూర్యుడు మాకు ముప్పావుగంట ముందే వస్తాడు. డిసెంబరులో సాయంత్రం ఐదు దాటగానే పొద్దు వాలుతుంది. చేప బాగా కొట్టేది పొద్దుపొడుపునా పొద్దుగుంకే వేళా కనుక మీరు జెట్టీ దగ్గర నాలుగున్నరకు నిలబడి ఉండాలి. హోటల్లో అల్పాహారం ముగించుకుని ఎనిమిదికి వచ్చిన వారికి ఆ రోజు చేప పడకపోతే అందులో నా బాధ్యత సగమే.

చేప తప్పకుండా పడుతుందన్న మాట ఇకపై మా నోట వినరు. గత సీజన్ డైరీ తిరగేస్తే సుమారు ఐదు రోజులకు ఒక రోజు పార మొహం కూడా చూడకుండా తిరిగి వచ్చాం. నీటి పైన చప్పుడు చేస్తూ పోయే పాపర్ అనే బరువైన ఎరతో, బరువైన రీలుతో ఉదయమంతా విసరడం భుజానికి పెద్ద పరీక్ష. మొదటిసారి వచ్చేవారు రెండు గంటలకే అలిసిపోతారు, అది సిగ్గుపడవలసిన విషయం కాదు. మధ్యాహ్నం ఎండ పెరిగాక లోతులోకి ఎర దింపి పైకీ కిందికీ ఆడించే జిగ్గింగ్‌కో, లాగుడు గాలంతో వంజరం, వాహూ కోసమో మారుతాం. అదృష్టముంటే సెయిల్‌ఫిష్, మన విశాఖ తీరంలో కొమ్ము కోనాం అనే రకం, ఎర వెనక లేస్తుంది. సొరచేపల గొడవ కూడా దాచను. గాలానికి తగిలిన చేప పైకి వచ్చేలోగా సొర సగం కొరికి తీసుకుపోవడం జరుగుతూ ఉంటుంది. ఒకచోట వరుసగా రెండు చేపలు అలా పోతే మేము అక్కడి నుంచి లేచిపోతాం. మీకు ఆ చోట ఎంత నచ్చినా సరే, సొరలను మేపడానికి అంత దూరం పోలేదు కదా.

పట్టిన పార ఎంత పెద్దదైనా తిరిగి నీటిలోకి వదలాలన్న నియమం ఈ సీజన్ నుంచి అందరికీ వర్తిస్తుంది. మూడు కొక్కేల గాలాలు తీసివేసి ఒంటి గాలాలు పెట్టాం, వాటి ముల్లును కటింగ్ ప్లేయరుతో నొక్కేస్తాం. దవడ పట్టి నిలువుగా వేలాడదీసి తూకం వేయడం మానేశాం, అలా చేస్తే పెద్ద చేపకు లోపలి అవయవాలు దెబ్బతింటాయి. బరువు తెలుసుకోవడానికి టేపు చాలు: సెంటీమీటర్లలో చుట్టుకొలతను చుట్టుకొలతతో గుణించి, మళ్లీ పొడవుతో గుణించి, 29,000తో భాగిస్తే కిలోలు దాదాపుగా వస్తాయి. 120 పొడవు, 84 చుట్టుకొలత ఉన్న పార సుమారు 29 కిలోలు. ఫోటోకు చేపను రెండు చేతుల మీద అడ్డంగా పట్టుకోవాలి, ఊపిరి బిగబట్టి మీరు ఉండగలిగినంత సేపే దాన్ని నీటి బయట ఉంచాలి. వండుకోవడానికి వంజరమో చిన్న సూరో ఒకటి రెండు ఉంచుకుంటాం. పగడపు దిబ్బల దగ్గర తిరిగే పెద్ద వేటచేపల మాంసంలో సిగ్వాటెరా అనే విషం పేరుకోవచ్చు, అది వండినా పోదు, రుచిలోనూ తెలియదు. కనుక పెద్ద బారాకుడాను ఇంటికి తీసుకువెళ్తామని అడగవద్దు.

రేటు విషయం. రోజంతా బోటుకు నిరుడు 60,000 రూపాయలు తీసుకున్నాం, ఈసారి 66,000. నలుగురికి మించి ఎక్కించుకోం. పెంచిన సొమ్ములో ఎక్కువ భాగం మూడు వస్తువులకు పోయింది: ఒక్కో ఇంజనుకు నీటిని వేరు చేసే పెద్ద ఫిల్టర్లు, మూడేసి అదనపు ఫిల్టర్లు, ఆపదలో నేరుగా ఉపగ్రహానికి 406 మెగాహెర్ట్జ్ సంకేతం పంపే బీకన్. రేడియో అందని చోట కూడా అది పనిచేస్తుంది, మార్చిలో అది ఉండి ఉంటే మేము ఆ సరుకు ఓడ కోసం దేవుడికి మొక్కుకోవలసిన పని ఉండేది కాదు. డెక్కు మీద డ్రమ్ములు ఇక ఉండవు, అదనపు ట్యాంకును లోపలే బిగించాం.

వాతావరణం బాగాలేక మేము ఆపితే అడ్వాన్సు మొత్తం తిరిగి ఇస్తాం, లేదా మరో తేదీకి మారుస్తాం. ఆపే నిర్ణయం ముందు రోజు సాయంత్రం ఆరు గంటలకు నాది, వాదన ఉండదు. నవంబరు, డిసెంబరుల్లో బంగాళాఖాతపు అల్పపీడనాలు ఈ దీవుల మీదుగానే పోతాయి. 2016 డిసెంబరులో హావ్‌లాక్, నీల్ దీవుల్లో వెయ్యి మందికి పైగా పర్యాటకులు రోజుల తరబడి చిక్కుకుపోయారు. ఆ నెలల్లో వచ్చేవారు తిరుగు విమానానికి ముందు కనీసం రెండు ఖాళీ రోజులు పెట్టుకోవాలి. శాటిలైట్ ఫోను ఉంటే ఇంట్లోనే వదిలి రండి, అనుమతి లేకుండా దాన్ని వాడటం మన దేశంలో నేరం. వాంతుల మాత్ర బోటు ఎక్కాక కాదు, ముందు రాత్రే వేసుకోవాలి.

బారెన్ కోసం ఇప్పటికే అడ్వాన్సు కట్టినవారు పదకొండు మంది ఉన్నారు. ఇన్‌విజిబుల్ బ్యాంక్‌కు మారతామన్న ఏడుగురికి పాత రేటే వర్తిస్తుంది, మిగిలిన నలుగురికి సొమ్ము పంపేశాను. తూర్పు తీరంతో పాటు ఈ దీవులకూ వర్తించే వేట నిషేధం ఏప్రిల్ 15న మొదలవుతుంది కనుక మా ఆఖరి ట్రిప్పు ఏప్రిల్ 13న, 14న బోటును ఒడ్డుకు లాగేస్తాం. మార్చి అమావాస్య వారంలో రెండు రోజులు, ఏప్రిల్ పున్నమికి ఒక రోజు ఇంకా ఖాళీగా ఉన్నాయి.