అడగకముందే చూపించాలి

ఒరేయ్ రమణా,

నీ ఉత్తరం అందింది. మీ ఊరి రోడ్డు లెక్కలు సమాచార హక్కు కింద ఎలా అడగాలన్న సంగతి ఫోన్‌లో చెప్తే తేలేది కాదు. అందుకే కాస్త పెద్దగా రాస్తున్నా, ఓపిగ్గా చదువు.

"సమాచార హక్కు ఢిల్లీ చట్టం కదా, ఇందులో రాష్ట్రాలు చేసేదేముంది?" అని అడిగావు. ముందు చేసింది రాష్ట్రాలేరా! పార్లమెంటు చట్టం 2005లో వచ్చింది. తమిళనాడు, గోవా 1997లోనే సొంత చట్టాలు తెచ్చుకున్నాయి. తర్వాత రాజస్థాన్, కర్ణాటక, ఢిల్లీ, మహారాష్ట్ర. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఆ వరసలో లేదు, అది నాకు ఇప్పటికీ వెలితిగానే ఉంటుంది.

వీటిలో రాజస్థాన్ చట్టం కూలీల పోరాటంలోంచి వచ్చింది. ప్రభుత్వ పనులకు వెళ్లిన వాళ్లకు పూర్తి కూలి దక్కేది కాదు. మస్టర్ రోల్, అంటే కూలీల హాజరు పట్టీ, చూపించమంటే అది రహస్యం అనేవారు. సామాజిక కార్యకర్త అరుణా రాయ్, ఆమె సహచరులు 1990లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే కూలీల, రైతుల సంఘం పెట్టారు. 1994 నుంచి ఊళ్లలో జనాన్ని కూర్చోబెట్టి బిల్లులు, మస్టర్లు పైకి చదివించారు. ఎన్నడూ పనికి వెళ్లని వాళ్ల పేర్లు వాటిలో బయటపడ్డాయి. 1996లో రాజస్థాన్‌లోని బ్యావర్ పట్టణంలో 40 రోజులు ధర్నా చేశారు. రాష్ట్ర చట్టం 2000లో గానీ రాలేదు. చదువు అంతగా లేని కూలీలు కాగితం విలువ మనకంటే బాగా పట్టుకున్నారని నా నమ్మకం.

ఇప్పుడున్న చట్టంలో అడిగితే 30 రోజుల్లో ఇవ్వాలి. ప్రాణానికో స్వేచ్ఛకో సంబంధించిందైతే 48 గంటల్లోనే. కారణం లేకుండా ఆలస్యం చేసిన అధికారికి రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 దాకా జరిమానా పడొచ్చు. ఇవన్నీ నీకు తెలిసినవే. నన్ను బాధపెట్టేది సెక్షన్ 4. బడ్జెట్లు, ఖర్చులు, సబ్సిడీ పథకాల వివరాలు ఎవరూ అడగకముందే ప్రతి ఆఫీసూ బయటపెట్టాలని అది చెబుతుంది. కానీ బయటపెట్టకపోతే జరిమానా లేదు! అదేరా అసలు లోటు.

జీవోల సంగతే చూడు. 2021 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వాటిని అందరూ చూసే వెబ్‌సైట్‌లో పెట్టడం ఆపేసింది. మళ్లీ 2024లో మొదలుపెట్టారు. ఎవరు అధికారంలో ఉన్నా సరే, జనానికి వర్తించే ఉత్తర్వు జనానికి కనిపించడం పాలకుల ఇష్టం మీద ఆధారపడకూడదు. ఆపితే శిక్ష పడేలా రాష్ట్ర చట్టమే ఉండాలి.

చేయాలనుకుంటే చేయొచ్చు కూడా. రాజస్థాన్ 2019లో జన్ సూచనా పోర్టల్ తెచ్చి, పథకాల వివరాలు పంచాయతీల వారీగా చూసుకునే వీలు కల్పించింది. మన దగ్గరా ఉపాధి హామీ సామాజిక తనిఖీల్లో రికార్డులు తీసి ఇంటింటికీ వెళ్లి సరిచూసే పద్ధతి 2006 నుంచి నడిచింది, దాన్ని చూసి వేరే రాష్ట్రాలు నేర్చుకున్నాయి. మిగతా శాఖలకు ఎందుకు పాకదో! కొన్ని ఆఫీసులు పెట్టినా, వంకరగా స్కాన్ చేసిన పీడీఎఫ్‌లు పెడతాయి. అందులో ఒక పేరు వెతకలేం, మొత్తాలు కూడలేం. లెక్కలు ఎక్సెల్‌లాంటి రూపంలో ఇవ్వాలని కూడా నేను కోరే ఆ రాష్ట్ర చట్టంలోనే రాయాలంటాను.

ఒక టెన్షన్ మాత్రం ఉంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, సమాచార హక్కు చట్టంలో వ్యక్తిగత సమాచారానికి మినహాయింపు ఇచ్చే సెక్షన్ 8(1)(జె)ని మార్చింది. వ్యక్తిగత సమాచారం అన్న ఒక్క మాటతో తిరస్కరించడం సులువైపోతోంది. మస్టర్ రోల్ అంటేనే పేర్లు కదరా, పేర్లు తీసేస్తే ఇంక దేన్ని సరిచూస్తాం? అయితే ప్రజాప్రయోజనం ఎక్కువగా ఉంటే ఇవ్వొచ్చనే 8(2) ఇంకా ఉంది. నీ దరఖాస్తులో దాన్ని తప్పక రాయి.

ఇక నీ రోడ్డు. "పనిలో అవినీతి జరిగిందా?" అని అడగకు, దానికి జవాబు రాదు. ఎస్టిమేట్, ఎం.బుక్ (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) నకలు, చెల్లించిన బిల్లులు, నాణ్యత పరీక్ష రిపోర్టు అని విడివిడిగా అడుగు. వేసిన రోడ్డు నుంచి నమూనా తీసుకునే హక్కు కూడా నీకుంది. మన రూల్స్ ప్రకారం గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆ పైన 10. రసీదు తీసుకోవడం మర్చిపోకు. ముందు చిత్తుప్రతి నాకు పంపు, చూసి వెంటనే తిప్పి పంపిస్తా.

నీ
గోపి