మా తర్వాత ఎవరన్నది కాగితం మీద ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

2025లో ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగుల పింఛన్ల పునఃపరిశీలన జరిగినప్పుడు వైకల్యాన్ని నిర్ధారించే సదరం ధ్రువపత్రాల మీద, వైకల్య శాతాల మీద పత్రికల్లో విస్తృతంగా చర్చ సాగింది. ఆ చర్చ అవసరమైనదే. అయితే బుద్ధిమాంద్యం, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ ఉన్న బిడ్డలను పెంచి వృద్ధాప్యానికి చేరిన నాలాంటి తల్లిదండ్రుల అసలు దిగులు నెలకు వచ్చే ఆరు వేల రూపాయల గురించి కాదు, మేము పోయాక ఈ బిడ్డకు దిక్కెవరన్న దాని గురించి. దీనికి చట్టంలో కొంతవరకు సమాధానం ఉన్నా, మన ఇళ్లలోనూ కలెక్టరేట్లలోనూ దాన్ని పట్టించుకునేవారు తక్కువ.

మన ఇళ్లలో ఈ విషయం సాధారణంగా 'అన్నయ్య ఉన్నాడుగా, చూసుకుంటాడు' అన్న ఒక్క మాటతో తేలిపోతుంది. ఆ మాట నమ్మి ఇల్లూ పొలమూ ఆ అన్నయ్య పేర దాన సెటిల్మెంటు రాసేస్తారు. తమ్ముణ్ణి జీవితాంతం పోషించాలన్న షరతు గాని, ఆ ఇంట్లో అతనికి జీవితకాల నివాసహక్కు గాని దస్తావేజులో కనిపించవు. 2007 నాటి వృద్ధుల పోషణ చట్టం ఉందిగా అని కొందరు ధైర్యం చెబుతారు. ఆ చట్టంలోని 23వ సెక్షన్ కింద, తమను చూసుకోవాలన్న షరతు మీద రాసిచ్చిన ఆస్తిని వెనక్కి కోరే హక్కు రాసిచ్చిన వృద్ధులకు ఉంది; వారు కన్నుమూసిన తర్వాత మిగిలిపోయే దివ్యాంగుడైన తమ్ముడికి ఆ సెక్షన్ అక్కరకు రాదు. ఇంతకూ అన్న మనస్ఫూర్తిగానే ఒప్పుకున్నాడనుకుందాం. రోజూ అన్నం తినిపించేది, బట్టలు మార్చేది చాలా ఇళ్లలో వదిన. ఆమెను ముందుగా అడిగి నిర్ణయం తీసుకున్న కుటుంబాలను నేను అరుదుగా చూశాను.

ఏమీ రాయకుండా వదిలేసినా చిక్కే. హిందూ వారసత్వ చట్టం ప్రకారం వైకల్యం వల్ల ఎవరూ వాటా కోల్పోరు. కాని వాటా దక్కినవాడు సంతకం పెట్టలేనప్పుడు, ఆ పొలాన్ని కౌలుకివ్వడానికైనా, బ్యాంకులో ఉన్న డబ్బు మందులకు తీయడానికైనా అతని తరఫున నిలబడే అధికారం చట్టప్రకారం ఎవరికీ ఉండదు. నామినీ పేరు రాయించాం గదా అనుకునేవారికి కూడా ఒక మాట చెప్పాలి. బ్యాంకు డిపాజిట్ల విషయంలో నామినీ ఆ సొమ్ము తీసుకుని వారసులకు అప్పగించవలసినవాడే తప్ప సొంతదారు కాడు.

బిడ్డకు 18 ఏళ్లు నిండడంతో తల్లిదండ్రుల సహజ సంరక్షక హోదా ముగుస్తుందన్న సంగతి చాలామందికి ఏదో ఒక బ్యాంకు కౌంటరు దగ్గరే తెలుస్తుంది. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం ఈ లోటు పూడ్చడానికి వచ్చింది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి, కోర్టు మెట్లెక్కనవసరం లేకుండా, కలెక్టర్ హోదాకు తగ్గని అధికారి, నమోదైన ఒక స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి, ఒక దివ్యాంగుడు సభ్యులుగా ఉండే లోకల్ లెవల్ కమిటీ సంరక్షకుణ్ణి నియమించవచ్చు. తల్లిదండ్రులు గాని బంధువులు గాని తమకు నమ్మకమున్న వ్యక్తి పేరు సూచించవచ్చు. (స్కిజోఫ్రీనియా వంటి మానసిక అనారోగ్యం ఉన్నవారు దీని పరిధిలోకి రారు; వారి కుటుంబాల గోడు మరో లేఖకు సరిపోయేంత ఉంది.) ఈ చట్టంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది నియామకం తర్వాత ఉండే నిఘా. సంరక్షకుడు ఆరు నెలల్లోగా ఆస్తుల, అప్పుల జాబితాను కమిటీకి అందజేయాలి, ఆపైన ఏటేటా లెక్కలు చూపాలి, నిర్లక్ష్యం చేసినా ఆస్తిని దుర్వినియోగం చేసినా అతణ్ణి తొలగించవచ్చు. నోటిమాట మీద బాధ్యత తీసుకున్నవారిని ఇలా లెక్క అడిగేవారుండరు.

ఎవరి పేరు సూచించాలన్న దగ్గర మన తెలుగు కుటుంబాలు ఒక విషయం గమనించాలి. నిబంధనల ప్రకారం సంరక్షకుడు భారత పౌరుడై ఉండాలి. అమెరికా పౌరసత్వం తీసుకున్న కొడుకు ఎంత ప్రేమగలవాడైనా, ఎంత డబ్బు పంపగలిగినా ఆ కాగితం మీద అతని పేరు చెల్లదు. ఈ సంగతి తండ్రి కర్మకాండలకు విమానం దిగిన తర్వాత తెలియడం కంటే ఇప్పుడే తెలుసుకుని, ఇక్కడే ఉండే పిన్ని కొడుకునో మేనకోడలినో అడగడం మేలు. అడగవలసినవారిలో ఆ దివ్యాంగుడూ ఉన్నాడు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం పరిమిత సంరక్షకత్వం (ఫలానా నిర్ణయానికి, ఫలానా కాలానికి మాత్రమే ఉండే సంరక్షణ) గురించి చెబుతూ, నిర్ణయాలు ఆ వ్యక్తితో కలిసి, అతని ఇష్టాన్ని అనుసరించి జరగాలంటుంది. ముప్పై దాటిన మా అబ్బాయికి డబ్బు లెక్క తెలియదు గాని, ఎవరి ఇంట్లో ఉండటం ఇష్టమో, ఎవరి ఇంట్లో ఇష్టం లేదో తడుముకోకుండా చెప్పగలడు.

ఉద్యోగం చేసి విరమించినవారికి మరొక పని ఉంది. కేంద్ర ప్రభుత్వ నిబంధనల ప్రకారం సంపాదించుకోలేని దివ్యాంగ సంతానానికి జీవితాంతం కుటుంబ పింఛను వస్తుంది, వారి పేరు పింఛను పత్రంలో ముందుగానే చేర్పించుకునే వీలూ ఉంది. మా వారు బతికి ఉండగానే ఆ పని చేయించారు కనుక నాకు ఆ బెంగ లేదు.

కాగితాల్లో పట్టనివి కూడా రాసి ఉంచాలి. ఫిట్స్ మాత్ర ఏ వేళకు ఎంత వేయాలి, ఏ మందు పడదు, కుక్కరు కూత వింటే ఎందుకు గది మూలకు వెళ్లి కూర్చుంటాడు, కడుపు నొప్పిని నోటితో చెప్పలేక ఏ సైగ చేస్తాడు, పండుగకు జనం వస్తే ఎంతసేపు తట్టుకోగలడు వంటివన్నీ తల్లి తలలోనే ఉండిపోతాయి. ఒక నోటుపుస్తకంలో రాసి సంరక్షకుడి చేతికిచ్చి, మనం ఉండగానే ఏడాదికి రెండు మూడుసార్లు బిడ్డను వారింట్లో వారం రోజులు ఉంచి చూడాలి. ఇబ్బందులేమైనా ఉంటే దిద్దుకునే వ్యవధి అప్పుడే ఉంటుంది.

ఇక ప్రభుత్వాలను కోరవలసింది. కమిటీ కనీసం మూడు నెలలకోసారి సమావేశం కావాలని చట్టమే చెబుతోంది. డెబ్బై ఏళ్ల తల్లికి మూడు నెలలు కూడా ఎక్కువ వ్యవధే. తెలంగాణ కలెక్టరేట్లలో సోమవారం అర్జీలు తీసుకునే ప్రజావాణి నడుస్తున్నట్టే, రెండు రాష్ట్రాల్లోనూ నెలకొక స్థిరమైన రోజు ఈ కమిటీకి కేటాయించాలి. వైకల్య ధ్రువపత్రం వివరాల్లో వయసు ఎలాగూ ఉంటుంది కనుక, ఈ నాలుగు వైకల్యాల్లో ఏదైనా ఉన్న బిడ్డకు 18 ఏళ్లు నిండే ముందు ఆ ఇంటికి సంరక్షక దరఖాస్తు గురించి సమాచారం సచివాలయం ద్వారానో పంచాయతీ ద్వారానో వెళ్లాలి. తల్లిదండ్రులే సంరక్షకులుగా ఉన్నచోట, వారి తర్వాత ఆ బాధ్యత ఎవరికి చేరాలో కూడా అదే ధ్రువపత్రంలో నమోదు చేసే పద్ధతి రావాలి.

మీ జిల్లా విలేకరులు తమ తమ కలెక్టరేట్లలో ఈ కమిటీ చివరిసారి ఎప్పుడు సమావేశమైందో, ఎన్ని దరఖాస్తులు తేలకుండా ఉన్నాయో అడిగి, ఆ వివరాలను జిల్లాలవారీగా ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయురాలు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు