మామిడి జోలికి వెళ్ళనివ్వకు నాన్నా

అట్లాంటా,
మే నెల

నాన్నా,

అమ్మా నువ్వూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మేమంతా బాగున్నాం. ఫోన్‌లో నువ్వూ తమ్ముడూ ఒకేసారి మాట్లాడితే నాకు ఏదీ చెవికెక్కదు, అందుకే రాస్తున్నాను.

వాడు ఇంటి ముందు లాన్ వేయిస్తాడట, మామిడి కొమ్మలు అడ్డమట. గడ్డి కోసం కాసే చెట్టు కొట్టడమేమిటి! నీడలో గరిక బతకదు, నిజమే. రోజుకి ఆరేడు గంటలైనా ఎండ తగలాలి. అయితే చెట్టు కింద గడ్డే మానుకోమను. మంచం వేసుకోడానికి ఆ నేల అలాగే బాగుంటుంది. వీధి గుమ్మం పక్కన ఎండ కాసే ముక్క ఉంది కదా, అక్కడ వేసుకుంటే చాలు.

ఏ గడ్డి అంటే గరికే. మా వాకిట్లో ఉన్నదీ అదే, ఇక్కడ బెర్ముడా అంటారు. నువ్వు గట్లమీద పీకి పీకి విసిగిపోయినదానికి మేం ఎరువు వేసి సేవ చేస్తున్నామని అమ్మ నవ్వుతుంది, నవ్వనీ. ఇందులో సంకర రకాలున్నాయి. టిఫ్‌వే అనేది 1960లో వచ్చింది, ఈ జార్జియాలోనే టిఫ్టన్‌లో గ్లెన్ బర్టన్ గారు తీశారు. ఆయన సంగతి నీకెందుకంటే, 1965లో మన దేశంలో విడుదలైన మొదటి సంకర గంటెల (సజ్జల) రకం హెచ్.బి.1కి తల్లి రకం కూడా ఆయన తీసిందే.

అసలు పనంతా గడ్డి నాటడానికి ముందే. ఆ ముక్క అడుగు లోతు తవ్వించి, తడిపి, మొలిచిందల్లా పీకించాలి. మళ్ళీ తడిపి మళ్ళీ పీకించాలి. తుంగ సంగతి నీకు నేను చెప్పేదేముంది? పైన ఆకు లాగితే సన్నటి వేరు పుటుక్కున తెగి, నల్లటి గడ్డ మట్టిలోనే ఉండిపోతుంది. వారం తిరక్కుండా మళ్ళీ పచ్చగా లేస్తుంది. ఆ గడ్డలు చేత్తో ఏరించాల్సిందే. గత్తం బాగా మగ్గిందే వేయించు, పచ్చిదైతే కలుపు గింజలు మనమే చల్లినట్టు. చుట్టలు చుట్టి అమ్మే గడ్డికి డబ్బులు తగలెయ్యొద్దు. తొలకరి పడ్డాక గట్టుమీది గరిక తీగలే రెండు మూడు కణుపులుండేలా తుంచి, నాలుగంగుళాలకొకటి చొప్పున, కణుపు మట్టిలోనూ కొస బయటా ఉండేట్టు గుచ్చితే సరి. కణుపు కణుపుకీ వేరు దిగుతుంది, వానలు వెళ్ళేసరికి కమ్ముకుంటుంది.

నీళ్ళ లెక్క వాడికి గట్టిగా చెప్పు. ఎండాకాలం వారానికి అంగుళం నీరు కావాలి. పదడుగులకి ఇరవై అడుగుల ముక్కకే అది 470 లీటర్ల దాకా అవుతుంది. రోజూ పైపైన చిలకరిస్తే వేళ్ళు పైనే ఉండిపోతాయి; వారానికి ఒకటి రెండుసార్లు లోతుగా తడపాలి. పర్లాకిమిడి ఎండలకి బోరు తగ్గితే మానెయ్యమను. గరిక ఎండినట్టు కనిపిస్తుంది గాని చావదు, వాన పడితే లేస్తుంది. ఇక్కడైతే నవంబరు మంచుకి గోధుమరంగు తిరిగి ఏప్రిల్ దాకా అలాగే పడుంటుంది. ఎదురింటివాళ్ళది చలికాలపు గడ్డి. అప్పుడు వాళ్ళది పచ్చగా ఉంటుంది, జూలైలో మా వంతు.

కోత ఎత్తు అంగుళంన్నర, రెండు. ఒక్కసారిగా మూడోవంతుకి మించి కొయ్యకూడదు. కత్తి మొద్దుబారితే కొసలు చిరిగి తెల్లబడతాయి. కలుపు మందు మాత్రం కొట్టించొద్దు, మందు పడితే చవితికి వినాయకుడికీ పనికిరాదు, ఆవుకీ పనికిరాదు.

తమ్ముడు ఒడియా బడిలో చదివాడు, నా తెలుగు రాత వాడికి అందదు, నువ్వే చదివి వినిపించు. కొత్త పార కొనొద్దు, ఉన్నదాన్నే పాతపట్నంలో పదును పెట్టించమను.

నీ కూతురు