మందు కర్రను కోస్తే కోతకూ మందు పూయాలి

సంపాదకులకు,

బీర, కాకర పందిళ్ల కోసం, చెదలు, కుళ్లు పట్టకుండా మందు ఎక్కించిన సరుగుడు, జామాయిల్ కర్రలు కొనే రైతులు ఎక్కువగా నష్టపోయేది ఆ కర్రను కోసే దగ్గరే. సిలిండరులో ఒత్తిడితో పంపిన మందు కర్ర బయటి లేత భాగంలోకే ఇంకుతుంది, మధ్యనున్న చేవలోకి దాదాపు వెళ్లదు. పొడవు తగ్గించాలని కోసినా, బోల్టుకు రంధ్రం వేసినా ఆ చేవ బయటపడి చెదలకు దారి అవుతుంది. అందుకే కోయని కొసనే భూమిలో పాతాలి. కోసిన చోట కాపర్ నాఫ్తనేట్ వంటి మందు, కర్ర ఇక పీల్చుకోనంత వరకు పూయాలి. 8 అడుగుల కర్రకు గుంత 2 అడుగులకు తగ్గకూడదు. అడుగున కంకర పోయాలి. కాంక్రీటుతో అడుగు మూసేస్తే నీరు నిలిచి కర్ర నానుతుంది. మందులోని రాగి మామూలు మేకులను తినేస్తుంది కనుక గాల్వనైజ్డ్ మేకులే కొట్టాలి.

కర్ర కొనేటప్పుడు పైకి కనిపించే మందు ఆకుపచ్చ రంగును నమ్మకండి. ఆరని పచ్చి కర్ర మందును సరిగా పీల్చదు. ఒక కర్రను అడ్డంగా కోయించి, మందు ఎంత లోతుకు దిగిందో చూశాకే డబ్బివ్వండి.

అన్నిటికన్నా ముఖ్యం, మిగిలిన ముక్కలను పొయ్యిలో పెట్టకండి. రాగి, క్రోమియం కలిపి చేసే సీసీఏ మందులో ఆర్సెనిక్ అనే విషం కూడా ఉంటుంది, అది పొగలోనూ బూడిదలోనూ మిగులుతుంది. ఏ మందు ఎక్కించారో ప్రతి కట్టపైనా తెలుగులో రాసి అమ్మేలా ఉద్యాన శాఖ చూడాలి.

— ఒక పాఠకుడు