"పదిహేడు యాడికీ పోవు పాపా" అన్న సార్‌కు

ఈ పొద్దున ఆరు గంటలకు పదకొండో టేపు కూడా చదవడం అయిపోయింది. ఆరు రోజులుగా సరిగా నిద్ర లేదు. అయినా పడుకోకముందే ఇది రాయాలి.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. 2009 అక్టోబర్ వరదలో కర్నూలు మునిగినప్పుడు వన్‌టౌన్‌లో ఉన్న నాన్న ప్రెస్సు కూడా మునిగింది. బురదలోంచి తీసిన పాత వారపత్రికలు, నాటక సమాజాల ఫోటోలు, కరపత్రాలు నాన్న ఒక్కొక్క కాగితం ఆరబెట్టి, ఏళ్ల తరబడి స్కాన్ చేయించారు. మళ్లీ నీళ్లొచ్చినా ఒక కాపీ ఊరి బయట ఉండాలని ఎల్‌టీవో-5 టేపుల్లోకి (కంప్యూటర్ ఫైళ్లు దాచే క్యాసెట్లలాంటివి) ఎక్కించి డోన్‌లో అత్త వాళ్ల బీరువాలో పెట్టారు. నాన్న ఇప్పుడు లేరు. పోయిన వారం మా సర్వర్‌లో రెండు డిస్కులు ఒకదాని వెంట ఒకటి పోయాయి. ఇక మిగిలింది ఆ టేపులే.

టేపుకు 1.5 టీబీ. సెకనుకు 140 ఎంబీ చొప్పున పూర్తి వేగంతో చదివినా నిండు టేపుకు మూడు గంటలు. సరిగ్గా ఆ వారమే మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ చెడి రోజుకు మూడు నాలుగుసార్లు కరెంటు పోయేది. మా యూపీఎస్ పది నిమిషాలు కూడా ఆగదు. మూడో టేపును నాలుగుసార్లు మొదటి నుంచి మొదలుపెట్టాను. మధ్యలోకి పోదామని చూస్తే ప్రతిసారీ మొదటి ఫైలే వచ్చేది.

రాజ్‌విహార్ దగ్గర ఒక షాపులో, టేపులు చదివే డ్రైవుకని యూపీఎస్ బ్యాటరీ అడుగుతున్నా. మనవడి ల్యాప్‌టాప్ తెచ్చిన ఒక పెద్దాయన "ఏం డ్రైవు పాపా?" అన్నారు. టేపు ఆపరేటర్‌గా చేసి రిటైరయ్యారట. ఊరు నంద్యాల, ఇక్కడ కూతురింటికి వచ్చారు. పేరు రాయొద్దన్నారు కాబట్టి సార్ అనే రాస్తా. పది నిమిషాలు చూసి పోతానని మా ఆటో ఎక్కిన మనిషి మూడు రాత్రులు మా దగ్గరే ఉన్నారు.

రాగానే డ్రైవులో క్లీనింగ్ టేపు వేయించారు. తర్వాత నేను కొట్టే కమాండ్లు చూశారు. కమాండ్‌లో డ్రైవు పేరు నేను ఎస్‌టీ0 అని కొడుతున్నా. ఆ పేరు వాడితే ఒక్కో కమాండ్ అయిపోగానే టేపు మొదటికి చుట్టుకుంటుందట. నేను ఐదు ఫైళ్లు దాటించగానే అది మళ్లీ మొదటికి పోయేది. ముందు ఎన్ పెట్టి ఎన్‌ఎస్‌టీ0 అంటే ఆగినచోటే ఉంటుంది. నాన్న ఒక్కో టేపు మీద 50 జీబీ టార్ ఫైళ్లు (చాలా ఫైళ్లను ఒకే మూటగా కట్టినవి) ముప్పై దాకా వరుసగా ఎక్కించారు, ఒక్కో ఫైలు చివర ఒక గుర్తు ఉంటుంది. ఎన్ని గుర్తులు దాటాలో తెలిస్తే చాలు, తెగిన ఆ ఒక్క ఫైలే మళ్లీ తీసుకోవచ్చు. పోయేది మూడు గంటలు కాదు, ఆరు నిమిషాలు.

ఇంకోటి, నేను ఫైళ్లను నేరుగా యూఎస్‌బీ డిస్కులోకి విప్పుతున్నా. డిస్కు అందుకోలేక టేపు ఆగేది, వెనక్కి పోయేది, మళ్లీ కదిలేది. ఆ చప్పుడు విని సార్ "టేపు అరిగిపోతుంది, ఆపు" అని, టార్ ఫైలును ఉన్నదున్నట్టు లోపలి డిస్కులోకి దించి తర్వాత విప్పమన్నారు.

రెండో రాత్రి మూడింటప్పుడు మళ్లీ కరెంటు పోయింది. నేను కింద కూర్చుని ఏడ్చేశాను. నాన్న పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు. సార్ ఏమీ అనలేదు. ఫోన్ లైటు వేసి తన నోటుబుక్కు తెరిచారు. ఒక్కో ఫైలు దిగగానే అంకె వేసి టిక్కు పెడుతున్నారు ఆయన. నాకా సంగతే తెలీదు. "పదిహేడు అయినాయి. పదిహేడు యాడికీ పోవు పాపా. కరెంటు వచ్చినాక పద్దెనిమిది నుంచి పోదాం" అన్నారు. ఇది రాస్తుంటే మళ్లీ కళ్లు నిండుతున్నాయి.

మూడేళ్లుగా ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్) డబ్బు కట్టించుకున్న కంపెనీ వాళ్లు మాత్రం ఆ మోడల్‌కు సపోర్ట్ ఆగిపోయిందన్నారు. టికెట్ వేస్తే ఎవరూ రాకుండానే మర్నాటికి మూసేశారు. మరి మార్చిలో డబ్బు ఎందుకు తీసుకున్నారు? సార్ ఒక్క రూపాయి తీసుకోలేదు. బస్ చార్జీ జేబులో పెట్టబోతే చేయి పట్టుకుని ఆపారు.

నాన్న రాసిపెట్టిన ఎండీ5 జాబితాతో (ఫైలు చెడిందో లేదో తేల్చే కోడ్‌లు) అన్నీ సరిచూశాం. తొమ్మిదో టేపులో ఒక ఫైలు చదవలేకపోయాం. మిగిలినవన్నీ వచ్చాయి. మా ఆయన, తమ్ముడు, అమ్మ పక్కనే ఉన్నారు, వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

పదో టేపు అయ్యాక సార్ నంద్యాల బస్సెక్కారు. నోటుబుక్కు ఇక్కడే ఉండిపోయింది, పదకొండో టేపు పక్కన టిక్కు లేదు. ఆదివారం వెళ్లి ఆయనతోనే పెట్టిస్తాను.

అయ్యో, మరిచాను. టేపుల సంచి ఒళ్లో పెట్టుకుని డోన్ నుంచి బస్సులో తెచ్చిన అత్త కొడుక్కి థ్యాంక్స్. చివరి రాత్రి జనరేటర్ ఇచ్చి, అద్దె వద్దన్న టెంట్ హౌస్ అన్నకు కూడా. సార్ కూతురికి కూడా అక్కా, మీరు మూడు పొద్దులూ పంపిన ఉగ్గాని, బజ్జీలే మేం తిన్న తిండి. మీ టిఫిన్ క్యారియర్ కడిగి పెట్టాను, సాయంత్రం తెస్తా.