ఆరు నెలల గడువు సంగతి మాకెవరూ చెప్పలేదు

సంపాదకులు గారికి నమస్కారం.

మాది పర్లాకిమిడి. జిల్లా గజపతి, రాష్ట్రం ఒడిశా, ఇంట్లో మాట్లాడేది తెలుగు, పొద్దున్నే చదివేది మీ పేపరు. ఏరు దాటితే పాతపట్నం, అంటే శ్రీకాకుళం జిల్లా. ఏటికి ఈ పక్కా ఆ పక్కా కూడా మిలిటరీకి పిల్లల్ని పంపిన ఊళ్ళు చాలా ఉన్నాయి, అందుకే నేను రాసేది మా ఒక్క ఇంటి గొడవ అనుకోకుండా చదవమని అడుగుతున్నాను. చాన్నాళ్ళుగా రాద్దామనుకుంటూ మానేస్తూ వచ్చాను, అమ్మకి తెలిస్తే బాధపడుతుందని. ఇప్పుడు అమ్మే రాయమంది.

మా తమ్ముడు 2010లో గోపాలపూర్ భర్తీలో సెలక్ట్ అయి ఆర్మీలో చేరాడు. 2021లో పంపేశారు. లీవు నుంచి తిరిగి వెళ్ళినప్పుడు వాడి బ్యాగులో గంజాయి పొట్లం దొరికింది. అప్పటికే లీవు దాటి ఆలస్యంగా వెళ్ళినందుకు రెండుసార్లు, మత్తులో కనబడినందుకు ఒకసారి శిక్ష పడి ఉంది. వీటిని వాళ్ళు రెడ్ ఇంక్ ఎంట్రీలు అంటారు, సర్వీసు కాగితాల్లో ఎర్ర సిరాతో ఎక్కే శిక్షలన్నమాట. నాలుగోది గంజాయిది. షోకాజ్ నోటీసు ఇచ్చారు, వీడు జవాబు రాశాడు, డిశ్చార్జ్ చేసి ఇంటికి పంపారు.

ఆ జవాబు కాపీ నేను చాలా తర్వాత చూశాను. రెండే లైన్లు ఉన్నాయి. తప్పు చేశాను, క్షమించండి అని. పదకొండేళ్ళ సర్వీసు మాట లేదు, ఎక్కడెక్కడ పనిచేశాడో లేదు, నిద్ర పట్టక పడిన అవస్థ ఒక్క ముక్క లేదు. నోటీసు ఇంగ్లీషులో వచ్చింది. వీడు చదివింది ఒడియా మీడియం, ఇంట్లో తెలుగు, యూనిట్లో హిందీ. "అదేటిరా అలా రాసేవు" అంటే "తప్పు నాదే కదప్పా, ఇంకేటి రాస్తాను" అన్నాడు. మా వైపు అక్కని అప్ప అంటాం.

తప్పు వాడిదే, నేను కాదనను. చేతిలో తుపాకీ ఉన్నవాడు మత్తులో ఉంటే పక్కవాడి ప్రాణానికి పూచీ ఎవరు? ఆర్మీ దీన్ని చూసీ చూడనట్టు వదిలేయాలని నేను అడగడం లేదు, వాణ్ణి వెనక్కి తీసుకోమని కూడా అడగడం లేదు. నా బాధంతా ఆ తర్వాత జరిగినదాని గురించి, అంతకు ముందు జరిగినది ఎవరూ అడగకపోవడం గురించి.

2019 చలికాలంలో వీడు కశ్మీర్ ఎగువన ఒక పోస్టులో ఉండగా మంచు జారి వాళ్ళ సెక్షన్ కుర్రాడొకడు దాని కింద కూరుకుపోయాడు. తవ్వి తీసినవాళ్ళలో వీడొకడు. ఆ కుర్రాడు బతకలేదు. ఈ సంగతి మాకు ఫోన్లో చెప్పలేదు, లీవుకి వచ్చినప్పుడూ చెప్పలేదు. వచ్చినప్పుడల్లా రాత్రి మేడ మీద తిరుగుతుండేవాడు, ఉలిక్కిపడి లేచి కూర్చునేవాడు, భోజనం ముందు పెడితే సగంలో లేచిపోయేవాడు. పెళ్ళి చేస్తే సర్దుకుంటాడని మా నాన్న సంబంధాలు చూడ్డం మొదలుపెట్టాడు. గంజాయి మాకు దూరం నుంచి రానక్కర్లేదు. మోహన వైపు, ఆర్. ఉదయగిరి వైపు కొండల్లో పండిస్తారని, తోటలు నరికి తగలబెట్టారని మీ పేపర్లోనే చదువుతుంటాం. పీలిస్తే నిద్ర పట్టిందట. మొదట లీవులోనే, తర్వాత వెళ్ళేటప్పుడు వెంట తీసుకెళ్ళడం. అమ్మేవాడు వేరు, దాచి రవాణా చేసేవాడు వేరు, నిద్ర కోసం పీల్చినవాడు వేరు. ఈ తేడా చూడమనే నేను అడుగుతున్నాను.

ఇంటికొచ్చాక మేం చేసిన తప్పు ఇంకా పెద్దది. ఊళ్ళో అడిగితే ఆరోగ్యం బాలేక మానేశాడని చెప్పాం. అబద్ధం ఒకసారి చెప్పాక దాన్ని కాపాడుకోవాలి కదా, అందుకని ఎవరి సలహా అడగలేదు, మాజీ సైనికుల బాగోగులు చూసే జిల్లా సైనిక్ బోర్డు గుమ్మం తొక్కలేదు, కాగితాలన్నీ బియ్యం డబ్బా పైన అటక మీద పెట్టేశాం. పెన్షన్ లేదు, దానికి పదిహేనేళ్ళ సర్వీసు నిండాలి. మాజీ సైనికుల కోటాలో ఉద్యోగం చూద్దామంటే, కేంద్రం గ్రూప్ సి పోస్టుల్లో 10 శాతం, ప్రభుత్వ బ్యాంకుల్లో క్లర్కు స్థాయిలో 14.5 శాతం వాళ్ళకే ఉన్నాయి గానీ, దుష్ప్రవర్తన మీద డిశ్చార్జ్ అయినవాణ్ణి మాజీ సైనికుడిగా లెక్కించరు. పోనీ సెక్యూరిటీ గార్డు పని చేసుకుందామని విశాఖ వెళ్తే అక్కడా ముందు డిశ్చార్జ్ బుక్కు చూపించమన్నారు. అందులో ఎందుకు పంపారో ఉంటుంది, క్యారెక్టర్ ఎలాంటిదో ఉంటుంది. మూడు చోట్ల చూపించి నాలుగో చోటుకి వెళ్ళడం మానేశాడు. పదకొండేళ్ళు చేసిన పని గురించి అడిగేవాడు లేడు, ఆ ఒక్క లైను చదివి బుక్కు మడిచి చేతిలో పెట్టేస్తారు.

కిందటేడు మా ఆయన స్నేహితుడొకరు చెబితే బరంపురంలో ఒక లాయరు గారి దగ్గరికి కాగితాలు పట్టుకెళ్ళాం. ఆయన అడిగిన మొదటి ప్రశ్న, డిశ్చార్జ్ అయి ఎన్నాళ్ళయింది అని. సైనికుల సర్వీసు కేసులకి 2007లో చట్టం చేసి సాయుధ దళాల ట్రిబ్యునల్ పెట్టారట, 2009 నుంచి పనిచేస్తోంది. అందులో దరఖాస్తు వేయాలంటే తుది ఆర్డరు వచ్చిన ఆరు నెలల్లోపు వేయాలి. దానికి ముందు పైఅధికారులకు అర్జీ పెట్టుకునే దారి ఉంటే అది వాడుకుని ఉండాలి, అర్జీకి ఆరు నెలలైనా జవాబు రాకపోతే ఆ తర్వాత ఇంకో ఆరు నెలల్లో వేయొచ్చు. కోవిడ్ అని సుప్రీంకోర్టు 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 వరకు గడువుల లెక్క ఆపించింది, అది మాకు కలిసొచ్చేదే, కానీ అదీ దాటిపోయి ఏళ్ళయింది. ఆయన అలా చెబుతుంటే మా తమ్ముడు తల దించుకుని కూర్చున్నాడు, నాకైతే ఆ అటక మీది డబ్బా కళ్ళ ముందు కనబడింది.

సరైన కారణం చూపిస్తే ఆలస్యాన్ని మన్నించే అధికారం ట్రిబ్యునల్‌కి ఉందట, ఆ ఆశతోనే వేస్తున్నాం. మాకు కలకత్తా బెంచ్. ఏటికి అవతల పాతపట్నం వాళ్ళయితే చెన్నై. పలాస వెళ్ళి రాత్రి రైలెక్కి హౌరాలో దిగాలి. దూరం సంగతి పర్వాలేదు. ఇంట్లో కూర్చుని పోగొట్టుకున్న ఏళ్ళే బాధ.

ఆ లాయరు గారు చెప్పిన ఇంకో విషయం విని నేను రెండు రాత్రులు నిద్రపోలేదు. నాలుగు ఎర్ర ఎంట్రీలు పడితే ఇంటికి పంపాల్సిందే అనుకున్నాం మేం, మా తమ్ముడూ అదే అనుకున్నాడు. అలా లేదు. 1988 డిసెంబరు 28న ఆర్మీ హెడ్‌క్వార్టర్స్ వాళ్ళే ఒక లెటర్ ఇచ్చారు. నాలుగు ఎంట్రీలున్నంత మాత్రాన డిశ్చార్జ్ చేసి తీరాలని ఏమీ లేదని, ముందు నిష్పక్షపాతంగా విచారణ చేయాలని, ఒక్కో శిక్ష ఏ తప్పుకి పడిందో చూడాలని, ఎంత కాలం సర్వీసు చేశాడు, ఎలాంటి కష్టమైన చోట్ల పనిచేశాడు అన్నది లెక్కలోకి తీసుకోవాలని అందులో ఉంది. 2015 అక్టోబరులో సుప్రీంకోర్టు ఒక సైనికుడి కేసులో ఇదే లెటర్ పట్టుకుని, విచారణ లేకుండా ఉత్త నాలుగు ఎంట్రీలు చూపించి చేసిన డిశ్చార్జ్‌ని కొట్టేసింది. అంటే షోకాజ్ నోటీసుకి రెండు లైన్లు రాసే రోజున వీడి పక్కన ఈ సంగతి తెలిసిన మనిషి ఒక్కడు ఉండి ఉంటే జవాబు వేరేగా ఉండేది. పోస్టింగుల లిస్టు రాసేవాడు, ఆ మంచు సంగతి రాసేవాడు, డాక్టరుకి చూపించండి అని అడిగేవాడు.

డాక్టరు మాట ఎందుకంటే, 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య చట్టంలో మానసిక అనారోగ్యం అంటే ఏమిటో చెప్పిన చోట మద్యం, మాదక ద్రవ్యాల వాడకంతో వచ్చే మానసిక స్థితులను కూడా చేర్చారు. 1985 నాటి మత్తుమందుల చట్టంలోనే, 64ఎ సెక్షన్‌లో, వ్యసనపరుడు తనంతట తాను చికిత్సకి ముందుకొస్తే వాడకం కేసు నుంచి రక్షణ ఉంది. బయట మామూలు మనిషికి జబ్బుగా ఒప్పుకున్నదాన్ని సైనికుడికి వచ్చేసరికి వట్టి దుష్ప్రవర్తనగా రాసేస్తే ఎలా? మేం వాణ్ణి బరంపురం మెడికల్ కాలేజీలో మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన గంటసేపు కూర్చోబెట్టి అడిగాడు. ఆ మంచు సంగతి మాకు మొదటిసారి తెలిసింది ఆ గదిలోనే. మా అమ్మ కొడుకు చెయ్యి పట్టుకుని "ఇన్నాళ్ళూ నాకు చెప్పలేదేట్రా నాయనా" అంది. ఇప్పుడు పదినెలల నుంచి మందులు వాడుతున్నాడు, గంజాయి ముట్టలేదు, రాత్రి నిద్రపోతున్నాడు. ఈ పరీక్ష 2021లో, పంపేసే ముందు జరిగి ఉంటే?

అమెరికాలో దీనికి ఒక పద్ధతి ఉందని తెలుసుకున్నాను. మన దగ్గరా అలాగే ఉండాలని అనను, వాళ్ళ సైన్యం వేరు, చట్టాలు వేరు, కానీ తెలుసుకోవలసిన సంగతి. అక్కడ డిశ్చార్జ్‌లో తరగతులుంటాయి, గౌరవంగా పంపడం దగ్గర్నుంచి అంతకంటే కిందివాటి దాకా. కింది తరగతిలో వచ్చినవాడు దాన్ని పైకి మార్చమని రివ్యూ బోర్డుకి దరఖాస్తు పెట్టుకోవచ్చు, ఎన్నేళ్ళలో అనుకున్నారు, 15 ఏళ్ళలో. ఆ బోర్డులు 1944 నాటి చట్టంతో వచ్చాయి. వియత్నాం యుద్ధంలో వేలమంది కుర్రాళ్ళు హెరాయిన్‌కి అలవాటు పడితే, 1971 ఆగస్టులో అప్పటి రక్షణ మంత్రి మెల్విన్ లెయిర్డ్, కేవలం సొంతానికి మత్తుమందు వాడినందుకు చెడ్డ డిశ్చార్జ్ పొందినవాళ్ళ కేసులు మళ్ళీ చూడమని ఆర్డరు ఇచ్చాడు. 2014లో ఇంకో రక్షణ మంత్రి చక్ హేగెల్, యుద్ధంలో చూసినదానివల్ల మనసు దెబ్బతిన్నవాళ్ళ దరఖాస్తులను ఉదారంగా పరిశీలించమని, సైనిక రికార్డులు సరిదిద్దే ఇంకో రకం బోర్డులకి మార్గదర్శకాలు ఇచ్చాడు. దరఖాస్తు పెట్టిన ప్రతివాడికీ మారుస్తారని కాదు, చాలామందికి కుదరదు కూడా. కానీ అడగడానికి ఒక బల్ల ఉంది, బల్ల అవతల వినే మనుషులున్నారు, టైము ఉంది. సిగ్గుతో ముఖం దాచుకున్నవాడు తేరుకుని, చికిత్స తీసుకుని, నేను మారాను చూడండి అని కాగితాలు తెచ్చుకునేందుకు పదిహేనేళ్ళు.

మనకి ఆరు నెలలు. ఆరు నెలల్లో మా వాడు ఇంట్లోంచి బయటికే రాలేదు.

రక్షణ శాఖ వాళ్ళు ఇది చదువుతారో లేదో నాకు తెలియదు, అయినా అడుగుతాను. మత్తు వాడకం మీద ఎవర్నైనా డిశ్చార్జ్ చేసే ముందు మానసిక వైద్యుడి పరీక్ష తప్పనిసరి చేయండి, ఆ రిపోర్టు షోకాజ్ నోటీసుతోపాటే కమాండర్ ముందుండాలి. నోటీసు సైనికుడికి వచ్చిన భాషలో ఇవ్వండి, జవాబు రాయడానికి సాయం చేసే మనిషిని ఇవ్వండి. చికిత్స తీసుకుని రెండుమూడేళ్ళు శుభ్రంగా ఉన్నవాడు డిశ్చార్జ్ బుక్కులో ఆ కారణాన్ని, క్యారెక్టర్‌ని మళ్ళీ చూడమని అడిగేందుకు ఒక బోర్డు పెట్టండి, ట్రిబ్యునల్ దాకా వెళ్ళి లాయర్లకి డబ్బు కట్టే పని లేకుండా. ఉద్యోగం తిరిగి ఇవ్వకపోయినా ఫర్వాలేదు, ఆ లైను మారితే గార్డు ఉద్యోగమైనా దొరుకుతుంది.

మా గజపతి, గంజాం, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో తెలుగు చదివే ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. సైనిక్ బోర్డు నోటీసులు ఒడియాలో, ఇంగ్లీషులో ఉంటే మా అమ్మలాంటి వాళ్ళకి అర్థం కావు. ఇక్కడ తెలుగులో కూడా ఒక కాగితం అంటించడానికి ఎంత ఖర్చవుతుంది?

ఇంట్లో ఇలాంటి కొడుకో తమ్ముడో ఉన్నవాళ్ళకి ఒక మాట. దాచకండి. వచ్చిన వారంలోనే కాగితాలన్నీ అడిగి తీసుకోండి, షోకాజ్ నోటీసు, వీళ్ళ జవాబు, డిశ్చార్జ్ ఆర్డరు, శిక్షల కాపీలు. ఇవ్వకపోతే సమాచార హక్కు కింద పది రూపాయల ఫీజుతో అడగొచ్చు, మేం ఇలాగే తెప్పించుకున్నాం. డాక్టరుకి చూపించి ఆ చీటీలన్నీ తారీఖులతో దాచండి. ఫోన్లో మాట్లాడాలన్నా కుదురుతుంది, మానసిక సమస్యలకి టెలీ మానస్ నంబరు 14416, తెలుగులోనూ మాట్లాడతారు. మత్తు మానడానికి 14446. వాణ్ణి తిట్టేవాళ్ళు బయట చాలామంది ఉంటారు, ఇంట్లో మనం ఆ పని చేయక్కర్లేదు.

మా తమ్ముడి దరఖాస్తు తయారైంది. ఈసారి జవాబు రెండు లైన్లు కాదు, పద్నాలుగు పేజీలు. వాడే కూర్చుని తెలుగులో రాస్తే లాయరు గారు ఇంగ్లీషు చేయించారు.

దయచేసి నా పేరు వేయకండి, మా వాడికి ఇంకా సంబంధం చూడాలి. ఆరు నెలలు అన్న మాట మాత్రం కాస్త పెద్ద అక్షరాల్లో వేయండి.

ఇట్లు,
ఒక జవాను అప్ప,
పర్లాకిమిడి